మొలతాడుకు కట్టిన మోటారు తాళం

మా ఆయన కాశయ్య పడవ అమ్ముతానంటూనే వేసవంతా గడిపేశాడు. ఆ మాట అనిపించడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది. పోయినేడు వానల్లో వల విసురుతూ శబరి ఏట్లో పడిపోయాడు. కుడి భుజం అప్పటికే పట్టేసి ఉంది. ఒంటిచేత్తో పడవ అంచు పట్టుకుని ఇసుక మేట దాకా కొట్టుకుపోయాడని ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పారు. తడి బట్టలతో గుమ్మంలోకి వచ్చి, "ఏం కాలే, కాలు జారింది" అన్నాడు. ఆ రోజు నుంచి ఏటి హోరు వినిపిస్తే నాకు అన్నం దిగదు. మళ్లీ ఏరు పొంగకముందే ఆ పడవ మా వాకిలి దాటాలి. లేకపోతే ఈ మనిషి ఆగడు, ఒక్కడే పోతాడు. ఈసారి తిరిగొస్తాడన్న నమ్మకం నాకు లేదు.

పడవ మంచిదే. ఇద్దరు కూర్చుని వల వేసుకునే ఫైబర్ పడవ, వెనక చిన్న పెట్రోలు మోటారు, ఏటి దాకా లాక్కెళ్లడానికి సుక్మా పట్నంలో వెల్డింగ్ చేయించిన రెండు చక్రాల ట్రాలీ. చూడ్డానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. తర్వాత మోటారు తాడు లాగేవాళ్లు. అది కిక్కురుమనేది కాదు. మళ్లీ లాగేవాళ్లు. చెమట తుడుచుకుని, నేనిచ్చిన టీ తాగి, వచ్చిన దారినే పోయేవాళ్లు.

అదెందుకు కదలదో నాకు తెలుసు. ఆ మోటారుకు ఎర్రటి చిన్న క్లిప్పు ఒకటుంది, దానికో తాడు. మేము దాన్ని తాళం అంటాం. అది పెడితేనే మోటారు పలుకుతుంది. మా ఆయన ఏటికి పోయేటప్పుడు ఆ తాడును మొలతాడుకు ముడేసుకునేవాడు, ఇంటికి రాగానే గుమ్మం పక్క మేకుకు తగిలించేవాడు. దొంగల భయమేమో అనుకునేదాన్ని. బేరగాళ్లు రావడం మొదలయ్యాక మాత్రం అది మేకెక్కలేదు. స్నానానికి నీళ్లు పోస్తూ చూశాను, మొలతాడుకే వేలాడుతోంది. వచ్చేదంతా తెడ్డేసి దోనెలు నడిపేవాళ్లు, మోటారు సంగతి వాళ్లకేం తెలుసు!

నాకు ఒళ్లు మండిపోయింది. లాక్కుని పొయ్యిలో పడేద్దామనుకున్నాను. కానీ పడవ పక్కన గొంతుక్కూర్చుని దాన్ని గుడ్డతో తుడుస్తున్న మనిషిని చూస్తే నోరు రాలేదు. ఇంత వయసొచ్చి ఇలాంటి దొంగ వేషాలు వేస్తున్నాడంటే లోపల ఎంత నలుగుతున్నాడో అనిపించింది. అలా జాలిపడుతూ కూర్చుంటే మృగశిర కార్తె వచ్చేసింది.

అప్పుడు కిష్టారం వైపు నుంచి హుంగే అనే ఆమె వచ్చింది. వాళ్ల ఊరి ఆడవాళ్లంతా సమూహ్ అని ఒక సంఘం పెట్టుకుని పెద్ద చెరువులో చేపలు పెంచుతున్నారు. ట్రాలీ లాక్కెళ్లడానికి తమ్ముడు మాసాను, ఒక పికప్ బండిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. అందరం కలిసి ట్రాలీని ఏటి నీళ్లలోకి నెట్టి పడవ తేలేలా చేశాం. మాసా తాడు లాగాడు. లాగి లాగి చేతులు ఎర్రబడ్డాయి. మా ఆయన ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు, పాపం ఏమీ ఎరగనట్టు.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. తాళం మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో హుంగేనే అంది:

"నీ మోటరు ఖరాబైంది మామా. ఏం పర్వా లేదు. మాది చెరువే గదా, తెడ్లు చాలు. పడవ, ట్రాలీ తీస్కపోతం. మోటరు నువ్వే పాతినుము కొనే కబాడోనికి ఏస్కో."

మా ఆయన గిర్రున తిరిగాడు.

"కబాడా? నా మోటరా?"

ఎవరున్నారో కూడా చూడలేదు. చొక్కా పైకెత్తి, మొలతాడు ముడి విప్పి, తాళం తీసి మోటారుకు గుచ్చాడు. కుడిచేత్తో తాడు అందుకున్నాడు. భుజం లేవలేదు. పళ్లు బిగబట్టి ఎడమచేత్తో లాగాడు. మోటారు ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగబోయాడు, తాడు చేతిలోంచి జారిపోయింది. ఆ చెయ్యి చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"నువ్వు రా బిడ్డా" అన్నాడు హుంగేతో, చాలా మెల్లగా. "ముందు నిమ్మలంగ గుంజు. బిగుసుకున్నంక జోరుగ గుంజు."

ఆమె లాగింది. మోటారు భగ్గుమంది. ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

మా ఆయన తాళం తాడు కొస ఆమె చేతిలో పెట్టాడు. "మోటరు నడుస్తున్నంతసేపు ఇది నీ ఒంటికే ఉండాలె. నువ్వు నీళ్లల్ల పడితే ఇది ఊడొస్తది, మోటరు ఆగుతది. లేకుంటే పడవ నిన్నిడిచి పోతది. పోయినేడు నేను పడ్డప్పుడు నా నడుముకు ఇది లేకుంటే, ఈ నా పెండ్లాం రామక్కకు శవం గూడ దొరికేది గాదు."

నాతో కాలు జారిందన్నాడు, అంతే. ఏడాదిగా ఇంకో ముక్క చెప్పలేదు. పొయ్యిలో వేద్దామనుకున్న ఆ తాడే నా మొగుణ్ణి ఇంటికి తెచ్చింది.

"మా ఆడోళ్లకు మొలతాళ్లేడియి మామా?" అని నవ్వి, హుంగే దాన్ని మణికట్టుకు గాజుల పైన కట్టుకుంది. మా ఆయన ఆ ముడి విప్పి, తానే మళ్లీ గట్టిగా వేశాడు. వంకలు పెడుతూనే అన్నీ నేర్పాడు. హుంగే డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. ట్రాలీ వెనకే పడవ మీద చెయ్యేసి తారు రోడ్డు దాకా నడిచి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు.

పొద్దుగూకేదాకా ఆయన వేళ్లు నడుము తడుముకుంటూనే ఉన్నాయి. మర్నాడు స్నానానికి నీళ్లు పోస్తూ చూశాను. మొలతాడు బోసిగా ఉంది. లోపలికి వెళ్లి ఇంటి తాళంచెవి తెచ్చి అక్కడ ముడేశాను.

"ఇదేందే? మనింటికి ఎన్నడు తాళమేసినం?"

"ఏసినా ఏయకున్నా ఇది నీ ఒంటికే ఉండాలె."

"ఎందుకు?"

"అది ఊడితే నేను ఆగిపోత."

ఆయన తల వంచి, ఇంకో చెంబు పొయ్యమన్నాడు. పోశాను.