గోడ వెనక పైలట్

తొమ్మిదిని నైనర్ అంటారు సరే, మూడుని ట్రీ అని ఎందుకంటారు, రేడియో గరగరలో అసలు మాట వినపడదనా, లేక ప్రపంచంలో సగం మందికి అది నోరు తిరగదనా, ఎవరినైనా అడగాలి అనుకుంటూ వాసుదేవరావు హెడ్‌సెట్ సర్దుకున్నాడు, ఎదురుగా తెర మీద ఏడు ఆకుపచ్చ చుక్కలు, ఏడూ విమానాలే, ఏడింటికీ పైలట్ తనే, ఒక్క విమానమూ నిజం కాదు, గోడకి అవతలి గదిలో విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ పరీక్షకి కూర్చున్న అమ్మాయి మాత్రం నిజం, ఆ అమ్మాయి చెప్పినట్టల్లా ఇతను చుక్కల్ని తిప్పాలి, పైలట్‌లా బదులు చెప్పాలి, ఈ అయిదో చుక్క కెప్టెన్ ఎలాంటివాడై ఉంటాడు, కాఫీ ఎక్కువ తాగేవాడా, పెళ్ళయిందా, ఇలాంటివన్నీ ఊహించుకోవడం ఉద్యోగంలో భాగం కాదు గానీ ఊహించకుండా ఉండలేడు, ఇర్వింగ్‌లో పాతికేళ్ళు మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు రాసినన్నాళ్ళూ ఇంత కుతూహలం ఎక్కడ దాక్కుందో, కంపెనీ ఆ మెషీన్లనీ అతన్నీ ఒకే నెలలో వదిలించుకున్నాక కదా హైవే పక్కన కారు ఆపుకుని దిగే విమానాల్ని చూడటం మొదలైంది, ఒకదాని వెనక ఒకటి, ఎవరు చెబుతున్నారు వీటికి, ఏమని చెబుతున్నారు, రేడియో స్కానర్ కొని ఆ మాటలు విన్నాడు, ఆ గొంతుల నెమ్మది చూసి ఈ పని నేనూ చేస్తాననిపించింది, తీరా దరఖాస్తు చూస్తే ముప్ఫై ఒకటి నిండకముందే చేరాలట, తనకి యాభై ఏడు, అయినా ఫోన్ చేశాడు, అవతలావిడ చాలా మర్యాదగా, సర్, మీరు చెప్పింది మీ వయసేనా అంది, భార్య ఉమామహేశ్వరి మాత్రం పడీపడీ నవ్వింది, యాభై ఏడేళ్ళకి ఈ విమానాలాట ఏంటండీ అని, కానీ నెల తిరక్కుండా ఈ శిక్షణ కేంద్రం ప్రకటన చూపించింది కూడా ఆవిడే, పైలట్ల బదులు మాట్లాడే మనుషులు కావాలట, మీకు సరిపోతుంది, ఇంట్లో నాకు కాస్త ప్రశాంతంగా ఉంటుంది అంది, చేరిన మొదటి వారం ట్రైనీలంతా సే అగైన్, సే అగైన్ అని విసుక్కుంటే యాస మార్చుకుందామనుకున్నాడు, సూపర్‌వైజర్ లిండా ఒప్పుకోలేదు, వాసూ, నువ్వు ఇలాగే మాట్లాడు, రేపు వీళ్ళకి అన్ని దేశాల గొంతులూ వినిపిస్తాయి అంది, అది మెచ్చుకోలో కాదో ఏడాదయినా తేలలేదు.

అవతలి గదిలో ఉన్నది నమ్రత కాకపోతే ఎంత బాగుండేది, ఇక్కడే ఫ్రిస్కోలో పెరిగిన పిల్ల, తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ముప్ఫై ఒకటి నిండడానికి పదకొండు రోజుల ముందు ఇందులో చేరింది, నిన్న లంచ్ రూమ్‌లో ఇతని డబ్బాలో దోసకాయ పప్పు వాసన పట్టి, అంకుల్, మీరు తెలుగా అని వచ్చి కూర్చుంది, తన శాండ్‌విచ్ మాత్రం ముట్టుకోలేదు, క్లాసులో నేనే ఓల్డెస్ట్ అంకుల్, వాళ్ళు గ్రాండ్‌మా అని పిలుస్తారు, ముప్ఫై ఒకటికే గ్రాండ్‌మా అయితే నన్నేమంటారమ్మా అంటే నవ్వింది, నవ్వి, రేపు లాస్ట్ ఛాన్స్ అంకుల్, ఫెయిల్ అయితే పంపేస్తారు, పాత జాబ్‌లో వేరేవాళ్ళు వచ్చేశారు, మమ్మీకి లీవ్ పెట్టాను అనే చెప్పాను, రిజైన్ చేశాను అని చెప్పలేదు అంది, సాయం చెయ్యమని ఒక్క ముక్క అడగలేదు, అడిగితే కాదనేవాడు, అడగలేదు కాబట్టే పొద్దుట్నుంచీ ఆ మొహం కళ్ళ ముందు తిరుగుతోంది, లిండా ఇచ్చిన కాగితంలో పదిహేడో నిమిషం దగ్గర రాసి ఉంది, ఫ్లైట్ టూ వన్ సిక్స్, చెప్పిన ఎత్తుని పైలట్ తప్పుగా తిరిగి చెప్పాలి, ఆ తప్పు కంట్రోలర్ పట్టుకోవాలి, పట్టుకోకపోతే పైన వెళ్ళే ఇంకో విమానం ఎత్తుకి ఇది ఎక్కిపోతుంది, పరీక్ష అక్కడితో ముగుస్తుంది.

పదహారో నిమిషం, ఆ పిల్ల గొంతు కాస్త తొందరగా ఉంది, నాలుగు విమానాలు ఒకేసారి పిలుస్తున్నాయి, నాలుగూ తనే, ఒక్క అంకె సరిగ్గా చెబితే ఎవరికి తెలుస్తుంది, నోరు జారి నిజం చెప్పానంటే లిండా నమ్మదూ, కానీ నోరు జారి నిజం చెప్పడమేమిటి, అదీ ఒక వింతే, పదిహేడు, టూ వన్ సిక్స్, నాలుగు వేల అడుగులకి ఎక్కండి అంది నమ్రత, ఇలా నేను కాపాడిన పిల్ల రేపు నిజం మనుషులున్న విమానానికి ఇదే మాట చెబుతుంది, అప్పుడు అవతల నేనుండను కదా, మైకు నొక్కాడు, అయిదు వేలకి ఎక్కుతున్నాం, టూ వన్ సిక్స్, చుక్క ఎక్కడం మొదలెట్టింది, రెండు వేల ఎనిమిది వందలు, ఆమె వేరే విమానాన్ని ఎడమకి తిప్పింది, మూడు వేల మూడు వందలు, ఇంకోదానికి వేగం తగ్గించమంది, మూడు వేల ఏడు వందలు, విన్లేదమ్మా, విన్లేదు, అప్పుడు ఆమె గొంతు, తొందర పోయి, చల్లగా, టూ వన్ సిక్స్, నెగెటివ్, నాలుగు వేల దగ్గర ఉండండి, నాలుగు, అతను వెంటనే చుక్కని ఆపి, నాలుగు వేలు అన్నాడు, అప్పటికి తెర మీద మూడు వేల తొమ్మిది వందల యాభై.

మధ్యాహ్నం నడవాలో నమ్రత చేతిలో సంతకం పెట్టిన కాగితం, కళ్ళు ఎర్రగా, మొహం తేటగా, పాస్ అంకుల్, మమ్మీకి ఇప్పుడే చెప్పాను, తిడుతోంది ఇంకా, అని, కాగితం మడిచి, ఆ టూ వన్ సిక్స్ మీరేనా, ఎంత కోపం వచ్చిందో, ప్యాసింజర్స్‌ని పెట్టుకుని సరిగ్గా వినడేంటి వీడు అనుకున్నా, మీరు అని తట్టనే లేదు, సారీ అంకుల్, ఫర్వాలేదమ్మా అన్నాడు వాసుదేవరావు, అని కారు దాకా నడుస్తూ ఆ వీడు అన్న మాటనే తిప్పితిప్పి చూసుకున్నాడు, తట్టలేదట, ఈ యాసతో కూడా తట్టలేదట, అంటే ఆ కొద్ది క్షణాలూ ఆమెకి అతను అంకుల్ కాదు, వయసు మళ్ళినందుకు గోడకి ఇవతల కూర్చోబెట్టిన మనిషీ కాదు, జనాన్ని ఎక్కించుకుని తప్పు ఎత్తుకి పోతున్న పైలట్, ఆమె కంట్రోలర్, అవతల తప్పు చెప్పే గొంతు లేకపోతే ఆ పనే లేదు, ఏడాదిగా తను ఆ పని బయట నిలబడి చూస్తున్నాననుకుంటున్నాడు గానీ, అందులోనే ఉన్నాడు.