కత్తిరించిన ఊపిరి

కాఫీ మిషన్ మూతికి ఎండి అంటుకుపోయిన పాలను రుక్కమ్మ తడిగుడ్డతో రుద్దుతోంది. రుద్దిన చోటు మెరిసేలోపే ఇంకో బొట్టు జారుతుంది. దాన్నీ తుడుస్తుంది. రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనే లేచిన అద్దాల మేడలో, పై అంతస్తు పాంట్రీలో, ఆమె పొద్దు ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. పొట్టి మనిషి. కంపెనీ ఇచ్చిన బూడిదరంగు కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే చేతులు మడిచి పిన్నీసులు గుచ్చుకుంది. నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి. చేయి ఒక వయసుది, వేళ్ళు ఇంకో వయసువి అన్నట్టుంటాయి.

కోటు జేబులో ఫోను ఉంది. చేయి ఆరగానే దాన్ని తడిమి చూసుకుంటోంది.

"ఏందొదినె, జేబుల కోడిపిల్లను పెట్టుకున్నవా? గట్ల తడుముతున్నవ్?" అంది నర్సమ్మ, తొట్టిలో కప్పులు కడుగుతూ.

"నర్సమ్మా, గీ పాడ్‌కాస్ట్ ఎట్ల వినాల్నో నీకెరుకనా?"

"నాకేమెరుక! మా ఇంట్ల టీవీ రిమోటే నా చేతికి రాదు."

రుక్కమ్మ కూతురు హర్షిణి మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో పనిచేస్తోంది. మైకు ముందు కూర్చుని మాట్లాడటం, మాట్లాడినదాన్ని బాగుచేసి ఫోన్లలోకి పంపడం ఆ పిల్ల ఉద్యోగం. కొత్త ఫోను కొని, దాంతో ఏం చేయాలో తెలియని పెద్దవాళ్ళకు అన్నీ విడమరిచి చెప్పే కార్యక్రమమట. వారం వారం వస్తుంది. మొదటి భాగమే పాడ్‌కాస్ట్ అంటే ఏమిటి, దానికి సబ్‌స్క్రైబ్ ఎలా చేసుకోవాలి అని. వినడం ఎలాగో నేర్పే ముచ్చటను వినడమే రుక్కమ్మకు చేతకాలేదు. దాన్ని తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

ఇప్పుడు కంపెనీ వాళ్ళు హర్షిణిని బెంగళూరు స్టూడియోకు రమ్మన్నారు. సాయంత్రమే బస్సు. "నువ్వు వద్దంటే పోనమ్మా. కానీ ఊకె వద్దనకు" అంది పిల్ల. రుక్కమ్మ ఔననలేదు, కాదనలేదు.

ఆమె భయం బెంగళూరంటే కాదు. పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నానక్‌రామ్‌గూడ చుట్టూ బండలు పేల్చి పునాదులు తవ్వుతున్న రోజుల్లో పుట్టింది. ఊయల మీద కప్పిన చీర కూడా సాయంత్రానికి తెల్లగా అయ్యేది. ఆ దుమ్మంతా నా బిడ్డ రొమ్ములోనే దిగిందని రుక్కమ్మ నమ్మకం. డాక్టర్లు గొట్టం పెట్టి విన్నదాన్ని ఆమె ఉత్త చెవితో వింటుంది. "అమ్మా, అన్నమైందా?" అని పిల్ల వాకిట్లోంచి అడిగితే, ఆ రెండు మాటల మధ్య ఊపిరి ఎంత లోతు నుంచి వచ్చిందో పట్టి ఆవిరికి నీళ్ళు పెట్టాలో వద్దో తేల్చేస్తుంది.

ఫోనును నమ్మడానికి లేదు. రొమ్ము పట్టేసిన రోజు హర్షిణి ఫోనే ఎత్తదు. "మీటింగ్‌ల ఉన్న" అని మెసేజి పెడుతుంది. హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఒకసారి దవాఖానలో పడుకుని, లేచి, తిరిగొచ్చి, ఆ తర్వాత చెప్పింది. అప్పటి నుంచి రుక్కమ్మకు మెసేజి మోగితే చాలు, అరికాళ్ళు చల్లబడతాయి.

కానీ ఈ కార్యక్రమం వేరు. నౌకరీ కాబట్టి వారం వారం నోరు తెరిచి మాట్లాడక తప్పదు. మాట్లాడితే ఊపిరి దాగదు. ఇది రుక్కమ్మకు తనంతట తనకే తట్టిన ఉపాయం. పిల్ల గొంతు తన ఫోనులోకి వచ్చేటట్టయితే పొమ్మంటుంది. లేదంటే లేదు. సాయంత్రంలోగా తేలాలి.

నిన్న హర్షిణి నేర్పబోయింది. "ఎస్ అనే అక్షరం చూడు, పాము లెక్క ఉంటది. అది ఉన్న గుండీని ఒత్తు." అంతలో ఫోను నిండిపోయిందని రాత వచ్చింది. దేవుడి ఫొటోలు, చుట్టాల పొద్దుటి దండాలు, పెనిమిటి మొగిలి ఆటో ఇన్సూరెన్సు కాగితాలు, అన్నీ అందులోనే. "ఇవి తీసెయ్యకుంటే ఏదీ రాదు!" అని పిల్ల విసుక్కుంది. "దేవుని ఫొటోలు తీస్తరానే?" అని ఈమె అరిచింది. అంతటితో పాఠం ముగిసింది. పొద్దున రుక్కమ్మ బయల్దేరేటప్పుడు పిల్ల పడుకునే ఉంది. లేపబుద్ధి కాలేదు. దేవుడికి దండం పెట్టుకుని ఫొటోలు మాత్రం తానే తీసేసింది.

చెత్తసంచులు దించడానికి సామాన్ల లిఫ్టు దగ్గరకు వెళ్ళినప్పుడు అక్కడి కాపలాదారు బుల్లిబాబును అడిగింది. భీమవరం మనిషి. తెలియదనే మాట అతని నోట రాదు.

"అదేముందండి రుక్కమ్మగారూ! రేడియో లాంటిదే. రేడియోలో వాడు వేసినప్పుడు మనం వినాలి. ఇందులో మనకి తీరినప్పుడు వాడు చెప్పాలి. అంతే తేడా."

"మరి సబ్‌స్క్రైబు?"

"పాలవాడికి చెప్పినట్టండి. ఫలానా ఇల్లు, రోజూ గుమ్మంలో పెట్టి వెళ్ళు అంటాం కదా. మనం వెతుక్కోనక్కర్లేదు. కొత్తది రాగానే గంట కొట్టి మరీ పెట్టి వెళ్తాడు."

"పాలోడు నెల కాంగనే పైసలడుగుతడు గదా?" అంది వెనకే వచ్చిన నర్సమ్మ.

బుల్లిబాబు టోపీ సర్దుకున్నాడు. "అది... అడగడనే అనుకుంటానండి."

ఆ 'అనుకుంటాను' రుక్కమ్మకు నచ్చలేదు. వెనకటికి మొగిలి ఫోనుకు ఏదో వస్తే, తెలియక ఒకటి నొక్కాడు. పాట అంటుకుంది. నెలనెలా బ్యాలెన్సు మింగేది. ఎవరు ఫోన్ చేసినా పెళ్ళి బరాత్ పాట మోగేది. మామ చనిపోయిన రోజున పలకరించడానికి చేసిన చుట్టాలందరికీ డప్పుల దరువు వినబడింది. ఇప్పటికీ ఆడబిడ్డ ఎత్తిపొడుస్తుంది. ఈసారి ఏం అంటుకుంటుందో! బ్యాంకులో ఉన్నది కూడా ఊడ్చుకుపోతే?

అయినా సంచులు దించి పైకి రాగానే జేబు తడుముకుంది.

మధ్యాహ్నం దినేష్ వచ్చాడు. కిటికీ పక్క వరసలో కూర్చునే కుర్రవాడు. చక్కెర లేని కాఫీ తాగి, కప్పు మిషన్ మీదే పెట్టి పోతాడు. రోజూ లోపల తిట్టుకునే మనిషినే ఇవాళ బతిమాలాల్సి వచ్చింది.

"సారూ, జర గిది పెట్టిస్తరా? పైసలు కట్ కావొద్దు."

"ఏం కట్ కావు ఆంటీ. చూడండి, ఇది యాప్. ఇక్కడ సెర్చ్. పేరు చెప్పండి." వేళ్ళు టకటకా ఆడాయి. "ఇదేనా? హర్షిణి... మీ అమ్మాయా! వావ్. ఇగో, ఇది నొక్కితే అయిపోయింది."

"ఆగుండ్రి సార్. పాము గుర్తు ఏది?"

"పామేంటి?"

"సబ్‌స్క్రైబ్ అన్నది. ఎస్ అక్షరం."

"ఓ! ఇప్పుడు అలా ఉండదాంటీ. ఈ యాప్‌లో ఫాలో అని ఉంటుంది. రెండూ ఒకటే."

పొద్దున బస్టాపులో నిలబడి ఆ తెర మీదే పాము కోసం కళ్ళు కాయలు కాచేలా వెతికింది. లేని పామును! అందరి నోటా ఒక మాట, గుండీ మీద ఇంకో మాట. ఎవరిని తిట్టాలో తెలియక గుడ్డను గట్టిగా పిండింది.

దినేష్ గంట బొమ్మను కూడా నొక్కాడు. కొత్తది వస్తే మోగుతుందన్నాడు. డబ్బులు ఎక్కడా అడగలేదు. తన చెవుల్లోని వైర్లు తీసి ఇవ్వబోతే ఆమె వద్దని, స్టోరు గదిలో టిష్యూ కాగితాల పెట్టెల మధ్య కూర్చుని ఫోను చెవికి ఆనించుకుంది.

"నమస్తే. నేను హర్షిణి. ఫోన్ అంటే మాట్లాడటానికే అనుకునే అమ్మలకీ నాన్నలకీ ఈ కార్యక్రమం..."

తన పిల్లేనా? ఇంట్లో 'గిట్ల, గట్ల' అనే నోరు ఎంత చక్కగా పలుకుతోంది! రుక్కమ్మ మొహం విచ్చుకుంది. "అంట్లు తోముతూ వినొచ్చు. మధ్యలో ఆపి, మళ్ళీ అక్కణ్ణుంచే వినొచ్చు. సబ్‌స్క్రైబ్ అంటే డబ్బు కట్టడం కాదు. ఒకావిడ నన్ను అడిగారు, బ్యాలెన్స్ పోతుందా అని..."

"ఒకావిడనా?" అంది రుక్కమ్మ ఫోనుతో. "తల్లి అడిగిందని చెప్తే నీ సొమ్మేం పోయిందే?"

ఫోను ఆగలేదు. ఆమె ఇక అసలు పనిలో పడింది. కళ్ళు మూసుకుని మాటల వెనక్కి వెళ్ళి ఊపిరి కోసం చెవి పెట్టింది.

లేదు.

మాట తర్వాత మాట వస్తోంది. మధ్యలో సందుంది గానీ, అది బోసిగా, కడిగిన కప్పులా ఉంది. ముక్కు లేదు, రొమ్ము లేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. ఊపిరి పీల్చకుండా మనిషి ఇంతసేపు ఎలా మాట్లాడుతుంది? ఫోను పట్టుకుని దినేష్ కుర్చీ దగ్గరికే వెళ్ళింది. అలా వెళ్ళకూడదని తెలుసు.

"సార్, గిండ్ల ఊపిరి వినొస్తలేదు!"

అతను చెవి పెట్టి విని నవ్వాడు. "బాగా క్లీన్ చేశారు ఆంటీ. బ్రీత్ సౌండ్స్ కట్ చేస్తారు. వినేవాళ్ళకి డిస్టర్బెన్స్ కదా."

డిస్టర్బెన్స్. రుక్కమ్మ ఆ మాటను నోట్లోనే నములుకుంటూ, తలనొప్పని చెప్పి, పని నర్సమ్మకు అప్పగించి షేర్ ఆటో ఎక్కింది.

నానక్‌రామ్‌గూడ పాత ఊరి గల్లీలో వాళ్ళ రెండు గదుల మీద ఎదురుగా ఉన్న మేడ నీడ మధ్యాహ్నానికే పడుతుంది. హర్షిణి మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని, తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉంది. పక్కన సగం సర్దిన సంచి. తెర మీద గడ్డిపోచల్లా గీతలు.

"ఊపిరి ఎవరు తీసిన్రే?" అంది రుక్కమ్మ, చెప్పులైనా విడవకుండా.

హర్షిణి హెడ్‌ఫోన్లు కిందికి లాగింది. "ఏందమ్మా?"

"నువ్వు మాట్లాడింది విన్న. ఊపిరి లేదు. ఎవడు తీసిండు? వాని పేరు చెప్పు."

"విన్నవా? ఎట్ల పెట్టుకున్నవ్? సబ్‌స్క్రైబ్..."

"అయింది తియ్యి నీ సబ్‌స్క్రైబు! ముందు గిది చెప్పు."

హర్షిణి తెర మీద గీతల మధ్య చిన్న మచ్చను చూపించింది. "గిది ఊపిరమ్మా. గిట్ల పట్టుకుని గిట్ల తీసేస్త. ఎవడో కాదు, నేనే. నా ఊపిరి అందరికన్నా ఎక్కువ వినిపిస్తది. పిల్లికూతలు. మా ఆఫీసు మేడం మొదట్లనే చెప్పింది, గట్లయితే ఎవరూ వినరని."

"ఎన్ని తీస్తవ్?"

"అన్నీ."

రుక్కమ్మ గుమ్మంలోనే కూలబడింది. కూతురు తన రొమ్ములోంచి వచ్చినదాన్ని ఒక్కొక్కటే ఏరి పారేస్తూ పొద్దంతా కూర్చుంటుందన్నమాట. తను చెవులు రిక్కించుకుని ఏరుకున్నదాన్ని.

"అందరి సంగతి నాకెందుకే? నేను వినేదే దాని కోసం. నీ మాటలు నేనేం జేసుకోను?"

"నా మాటలు వద్దా?" హర్షిణి గొంతు పెరిగింది. "పుట్టినకాడ్నుంచి నా దమ్మే చూస్తివి. ఏం చెప్తున్న అని ఒక్కనాడన్న విన్నవా అమ్మా?"

ఆ కోపంలో మాట చివర సన్నగా ఈల మోగింది. రుక్కమ్మ చెవి దాన్ని పట్టేసింది. లేచి ఆవిరికి నీళ్ళు పెట్టబోయింది. హర్షిణి చేయి పట్టుకుని ఆపింది.

"ఒక్కటన్న ఉంచు" అంది రుక్కమ్మ చివరికి. "వారానికొక్కటి. నాకు సాలు."

"మేడం తిడ్తదమ్మా."

వీధిలో ఆటో హారన్ మోగింది. మొగిలి దిగకుండానే కేకేశాడు: "ఏ హర్షీ, జల్దీ!" వెనక సీట్లో అప్పటికే ముగ్గురు ప్రయాణికులు ఒదిగి కూర్చున్నారు. గచ్చిబౌలి దాకా ఖాళీగా ఎందుకు పోవాలన్నది మొగిలి పద్ధతి. కూతుర్ని సాగనంపే రోజైనా అంతే. తల్లికి చోటు లేదు.

"ఇగ వస్తున్న, ఒక్క నిమిషం" అంది హర్షిణి కిటికీలోంచి. మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని లాప్‌టాప్ మీదికి వంగింది. ఏదో నొక్కింది. విన్నది. పెదవి కొరుక్కుంది. మళ్ళీ ఏదో నొక్కి మూత మూసేసింది.

సంచి బయటి జేబులో ఉబ్బసానికి నోట పెట్టుకుని పీల్చే కొత్త పంపు పెట్టుకోవడం రుక్కమ్మ కళ్ళారా చూసింది. జిప్పు తానే వేసింది. వేసి మళ్ళీ తీసి చూసి మళ్ళీ వేసింది.

"పొమ్మంటవా, వద్దంటవా? ఇంక చెప్పకపోతివి" అంది పిల్ల, గడప దగ్గర.

"బస్సు పోతది. నడువ్" అంది రుక్కమ్మ. అంతకంటే ఆమె నోట రాలేదు.

మొగిలి పక్కన, డ్రైవరు సీటు అంచున, సంచిని ఒళ్ళో పెట్టుకుని హర్షిణి కూర్చుంది. ఆటో మలుపు తిరిగింది. సిమెంటు మిక్సర్ లారీ ఒకటి అడ్డం వచ్చి, అది పోయేసరికి ఏమీ లేదు.

లోపలికి వచ్చి మంచం దుప్పటి మడుస్తుంటే ఫోను గంట మోగింది. అరికాళ్ళు చల్లబడ్డాయి. మెసేజి కాదు. బుల్లిబాబు చెప్పిన పాల గంట. కొత్త భాగం గుమ్మంలో పడింది.

బొటనవేలు కొంగుకు తుడుచుకుని నొక్కింది. ఈసారి మాటలు కూడా వింది. ఫోనులో జాగా లేకపోతే ఏం చేయాలో చెబుతోంది హర్షిణి. దేవుడి ఫొటోలను పోగొట్టుకోకుండా వేరే చోట దాచుకునే పద్ధతి చెబుతోంది. 'అదేదో నిన్ననే చెప్పొద్దా' అని రుక్కమ్మ విసుక్కుంది. మాటలు కడిగినట్టు, బోసిగా, ఒకదాని వెంట ఒకటి పోయాయి. చివరికి "సబ్‌స్క్రైబ్ చేసుకోవడం..." అని ఆగింది.

ఆగిన చోట ఊపిరి పీల్చింది. లోతుగా, పొడుగ్గా. దాని తోకన సన్నని ఈల.

"మరిచిపోకండి, అమ్మా" అని ముగిసింది.

రుక్కమ్మ వెనక్కి జరిపి మళ్ళీ వింది. ఉంది. ఉన్నందుకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ ఈల ఇవాళ్టిదా, నిన్నటిదా, దారిలో ఇంకా ముదిరితే ఎలా అని కళ్ళు గదంతా పరుగెత్తాయి. కిటికీ గట్టు మీద నీలం పంపు కనిపించింది. అయ్యో, మరిచిపోయింది! ఒక్క ఉరుకున అందుకుని చెవి దగ్గర ఆడించింది. చప్పుడు లేదు. పాతది. అయిపోయింది. కొత్తది సంచిలో ఉంది, జిప్పు తనే వేసింది.

ఫోనును మళ్ళీ మొదటికి జరిపి పక్కన పెట్టింది. పిల్ల గొంతు గదిలో మొదలైంది. పారేయడానికి చేతులు రాక, పంపును తీసిన చోటే పెట్టేసింది. కిటికీ గట్టు మీద, ఎదుటి మేడ నీడలో, మూత లేని ఆ నీలం పంపు పంటిగాట్లు పడిన మూతిని గదివైపు తిప్పుకుని అలాగే ఉంది.