పుట్టింటి లెక్క

వినీల లెక్క తప్పదని బందరు ఆఫీసులో అందరికీ తెలుసు. అందరికంటే ముందు వినీలకే తెలుసు. జిల్లా ఆరోగ్య శాఖలో జనాభా వివరాలు చూసే ఉద్యోగం ఆమెది. ఏ ఊళ్ళో ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, ఏ ఊరికి నర్సు అవసరం అన్నది ఆమె కట్టిన లెక్కను బట్టే పైవాళ్ళు తేలుస్తారు. అంతటి మనిషి గుడివాడలోని అత్తవారింటి నుంచి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లు మోపిదేవి దాటాక ఓ చిన్న ఊరు. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఊరి నర్సు దయామణిని వేరే ఊరికి మార్చమని సెలవు పెట్టేముందే రాసిచ్చి మరీ వచ్చింది.

ఊరికే రాయలేదు. ఆ ఊళ్ళో పడుచు జంటలు తక్కువ. చదువుకున్నవాళ్ళంతా విజయవాడ, హైదరాబాదు చేరిపోయారు. ఏడాదిలో ఆ ఊరి పేరున పుట్టే పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జననాల రేటు కట్టేటప్పుడు బిడ్డ ఎక్కడ పుట్టినా తల్లి కాపురముండే ఊరికే రాస్తారు. అందులో తప్పేమీ లేదు.

అమ్మ పోరు పడలేక ఒక ఉదయం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. వరండాలో బల్లల మీద చోటు లేదు. అందరూ నిండు గర్భిణులే. పక్కనున్న అమ్మాయిని పలకరించింది.

"మీదీ ఊరేనాండీ?"

"పుట్టిల్లండీ. మా అత్తగారిది పెడన. ఈ పక్కావిడది తోట్లవల్లూరు. అందరం కాన్పుకొచ్చినవాళ్ళమే."

వినీల బల్లల వెంట ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. వీళ్ళెవరూ తన లెక్కలో లేరు. తనూ లేదు. రేటు కట్టడానికి సరిపోయే లెక్క, నర్సుని ఎక్కడ ఉంచాలో తేల్చడానికి సరిపోదు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆచారాన్ని స్వయంగా పాటిస్తూ, కాన్పుకని ఊరొచ్చిన మనిషి, కాగితం దగ్గరికొచ్చేసరికి ఆ ఆచారాన్నే మరిచిపోయింది.

అంతలో ఆమె వంతు వచ్చింది. దయామణి బీపీ చూసింది. పట్టీ విప్పి మళ్ళీ చుట్టి చూసింది.

"ఈ కాళ్ళ వాపు ఎప్పట్నుంచమ్మా?"

"ఇక్కడికొచ్చాక కాస్త ఎక్కువైందండీ."

"తలనొప్పి?"

"ఉంది. ఫోను చూసి చూసి వచ్చిందనుకున్నాను."

"అనుకున్నది చాల్లే. బండిని పిలుస్తున్నా, బందరు వెళ్దాం."

అన్నట్టుగానే దయామణి కూడా అంబులెన్సు ఎక్కింది. దారి పొడుగునా వినీల చెయ్యి వదల్లేదు. బందరులో ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. నలుసంత ఉన్నా గట్టిగానే ఏడ్చింది. ఇంకో పూట ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవారు కాదని డాక్టరమ్మ అమ్మతో చెబుతుంటే వినీల వింది. బతికి ఉన్నందుకు, పక్కలో బిడ్డ కదులుతున్నందుకు, దయామణి ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నందుకు ఆమెకి ఏడుపు ఆగలేదు.

మర్నాడే ఆఫీసరు నరసింహారావుగారికి ఫోన్ చేసింది.

"ఆ ఫైలు పైకి పంపకండి సార్. పుట్టిళ్ళకొచ్చినవాళ్ళని నేను కలపలేదు."

"కుట్లైనా ఆరలేదు, ఇప్పుడు ఆఫీసు గొడవెందుకమ్మా?"

"ఇప్పుడే కావాలి సార్. నర్సు చేతి మీదుగా ఎంతమంది గర్భిణులు వెళ్తున్నారో చూసి, అన్ని ఊళ్ళకీ మళ్ళీ కడతాను."

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. కొత్త లెక్కలో ఆ ఊరు చుట్టుపక్కల అన్నిటికంటే పైకొచ్చింది. దయామణి బదిలీ ఆగిపోయింది.

కొన్నాళ్ళకి పాప బరువు చూడడానికి దయామణి ఇంటికొచ్చింది. వినీల ఇక దాచుకోలేకపోయింది.

"మిమ్మల్ని మార్చమని రాసింది నేనేనండీ."

"తెలుసమ్మా. బందరు మీటింగులో తెర మీద చూపించి చదివింది నువ్వే కదా. నేను వెనక వరసలో ఉన్నాను."

"మరి నేనొచ్చాక ఒక్క మాటైనా అడగలేదేమండీ?"

దయామణి పాపని తూకంలో పడుకోబెడుతూ, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది.

"నిండు చూలాలివి. ఆ సంగతి ఎత్తితే నీకు బీపీ పెరగదూ?"

వినీల ఆవిడ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.