కొట్టుగది ద్వారబంధం

థోర్న్‌డైక్ వారి ఇల్లు 1838లోనే ఉండిపోవాలని ఊరి చారిత్రక కట్టడాల కమిటీవాళ్లు ఏకగ్రీవంగా తీర్మానించారు. తిమింగలాల వేటలో గడించిన డబ్బుతో కెప్టెన్ థోర్న్‌డైక్ దాన్ని కట్టించిన ఏడు అది. ఆ తర్వాత నూట పాతికేళ్లు ఆ ఇంట్లో మనుషులు పుట్టారు, వండుకు తిన్నారు, పోయారు. కమిటీ దృష్టిలో అదంతా అనవసరపు గొడవ. గ్యాస్ పొయ్యి పీకించారు, స్నానాలతొట్టి పీకించారు.

లవీనియా థోర్న్‌డైక్ పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. నాయనమ్మ ఉన్నపళాన ఇల్లు ఊరికి రాసిచ్చేసింది. ఇప్పుడు డెబ్బై ఏడేళ్ల లవీనియా శనాదివారాలు కుచ్చుల టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్లకు తన ఇల్లు తనే చూపిస్తుంది. జీతం లేదు. కుర్చీల్లో కూర్చోకూడదు. వాటిలో ఒకదానిమీద చిన్నప్పుడు ఆవిడ వాంతి చేసుకుంది కూడా. అయినా అది చారిత్రక కుర్చీ.

మార్చిలో కమిటీ అధ్యక్షురాలు మార్జొరీ కెటెల్ చూపు కొట్టుగది ద్వారబంధంమీద పడింది. మార్జొరీ ఊళ్లోకొచ్చి ఆరేళ్లయింది కాబట్టి ఊరి చరిత్రలో ఆమెకు తెలియనిది లేదు. చెక్కమీద పెన్సిల్ గీతలు, పక్కన పేర్లు, వయసులు. లవీనియా ఆరేళ్ల దగ్గర ఆగింది, తాడియస్ తొమ్మిదేళ్ల దగ్గర. ఇవి 1838 నాటివి కాకపోతే రంగు కొట్టించేద్దామంది మార్జొరీ.

 తాడియస్ లవీనియా అన్న. పోలియోతో పోయాడు. వాడి బట్టలూ బొమ్మలూ అప్పుడే కాల్చేశారు, ఫొటోలు అమ్మ చూడలేక పారేసింది. వాడివంటూ మిగిలినవి ఆ గీతలే.

బోస్టన్ నుంచి నిపుణుడు దిగాడు. భూతద్దం పెట్టి అరగంట చూసి, చెక్క 1838దేనని తేల్చాడు. చెక్క పాతదైతే గీతలూ పాతవే కదా! పైగా కెప్టెన్ పిల్లల పేర్లు తాడియస్, లవీనియా. థోర్న్‌డైక్‌లు తరానికో తాడియస్‌నీ తరానికో లవీనియానీ కంటూనే ఉన్నారని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి పక్కనే టోపీతో నిలబడి ఉంది. నోరు విప్పితే రంగు పడుతుంది. అందుకని విప్పలేదు.

గుమ్మానికి అడ్డంగా ఎర్రతాడు కట్టారు. 'కెప్టెన్‌గారి పిల్లలు' అని రాసిన అట్ట తగిలించారు. ఆ గీతల బొమ్మతో కరపత్రాలు అచ్చేయించారు. అట్టమీదున్నట్టు తాడియస్ పదో ఏట తండ్రితో ఓడెక్కాడని లవీనియా వారం వారం చదివేది. సొంత అన్నను పరాయివాళ్ల కొడుకని చెప్పి ఇంటికెళ్లాక అన్నం సయించేది కాదు.

జూన్‌లో ఒక ఆదివారం వచ్చినవాళ్లలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి గీతల్ని వదలకుండా చూసింది.

"మామ్మగారూ, తాడియస్ ఎందుకు పెరగలేదు?"

వెనక మార్జొరీ నిలబడి ఉంది. ఓడ అనబోయింది లవీనియా. పిల్ల వైపు వంగింది.

"జబ్బు చేసి చచ్చిపోయాడమ్మా. వాడు మా అన్న. ఆ లవీనియాను నేనే."

"మరి మీ గీతలు కూడా ఆగిపోయాయేం?"

"తర్వాత అమ్మ నన్ను కొలవలేదు. నేను వాణ్ని దాటిపోతే చూళ్లేకపోయేది."

మార్జొరీ ఆమెను వంటింట్లోకి పిలిచింది. రేపు పొద్దున్నే రంగు డబ్బా వస్తుందనుకుంది లవీనియా.

"లవీనియా గారూ, కరపత్రాలు ఐదువేలు అచ్చయ్యాయి," అంది మార్జొరీ మెల్లగా. "ఆ గీతలు 1838వే. దయచేసి లేనిపోని కథలల్లి ఈ ఇంటి చరిత్రను పాడుచేయకండి."

లవీనియా బుద్ధిగా తలూపింది. అంటే రంగు వేయరన్నమాట. అన్న బతికిపోయాడు, అన్న కాకుండా పోయాడు.

తిరిగి వచ్చేసరికి మిగతావాళ్లు మేడమీదికి వెళ్లిపోయారు. ఆ పిల్ల మాత్రం తాడు దగ్గరే ఉంది.

"మామ్మగారూ, ఇప్పుడు మీరు ఆయన్ని దాటారా?"

లవీనియా తాడు కొక్కెం తీసింది. ద్వారబంధానికి వీపు ఆనించి, చిన్నప్పట్లాగే మడమలు కలిపి నిలబడింది. పిల్ల మునివేళ్లమీద లేచి, ఆమె కుచ్చుల టోపీమీద అరచెయ్యి పెట్టి, కింద తొమ్మిదేళ్ల గీతను చూసింది.

"చాలా దాటారు."

"ఉండమ్మా," అంది లవీనియా. "టోపీ తీస్తాను. మళ్లీ చూడు."