నా పొట్ట మీది తెల్ల కొంగ

నేను ఒక ముదురు గోధుమరంగు సీసాను. నన్ను చూడగానే మీకు కలిగిన అనుమానం నాకు తెలుసు. కానీ పదకొండేళ్లపాటు నా కడుపులో ఉన్నది నురగ తేలే చల్లని బార్లీ పానీయం. తాగితే త్రేన్పు వస్తుంది, అంతే.

నన్ను పోతపోసింది ఎవరైనా, నాకు పేరు పెట్టింది సిరిసిల్లలో సోడా కార్ఖానా నడిపే కాశవ్వ. ఆమె భర్త పేరు నాంపల్లి, మరమగ్గాల మీద బట్ట నేసే మనిషి. డాక్టరు హెచ్చరించాక తాగుడు మానేశాడు గానీ, సాయంత్రం దోస్తుల మధ్య ఒట్టి చేతులతో కూర్చోలేక గిలగిలలాడాడు. మళ్లీ ఎక్కడ మొదలుపెడతాడోనన్న బెంగతో కాశవ్వ బార్లీ వేయించి, ఉడికించి, వడగట్టి, సోడా గ్యాసు పట్టించి నాలో నింపింది. 'నురగ' అని పేరు పెట్టింది. అతడికి చదువు రాదు కాబట్టి నా పొట్ట మీద తెల్ల కొంగ బొమ్మ అంటించి, కింద 'మత్తు లేదు' అని ఎర్రగా రాయించింది.

"కొంగ ఉంటె తాగు. లేకుంటె ముట్టకు" అని చెప్పింది. నాంపల్లికి ఆ మాటే వేదమైంది.

మొదట దోస్తులు నవ్వారు. తర్వాత వాళ్ల భార్యలు వచ్చి డజన్లకొద్దీ కొనుక్కుపోయారు. మగవాళ్ల పరువు నిలబడటానికి చేతిలో ఓ సీసా ఉంటే చాలని నాకు అప్పుడే తెలిసింది. ఖాళీ అయిన ప్రతిసారీ కాశవ్వ నన్ను కడిగి మళ్లీ నింపేది.

ఆమె మోకాళ్లు అరిగి కార్ఖానా నడపలేని రోజున హైదరాబాదు నుంచి ఓ కంపెనీ వచ్చింది. పేరు, బొమ్మ, సీసాలు అన్నీ కొంటామంది. ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

"కొంగ బొమ్మ మార్చొద్దు సారూ. మా ఆయనకు గదే ఆనవాలు."

కంపెనీవాళ్లు మాట తప్పలేదు. కొంగను అలాగే ఉంచి, లోపల బీరు పోశారు. ఎర్ర అక్షరాలు మాత్రం మార్చారు: 'మద్యపానం ఆరోగ్యానికి హానికరం'.

కొత్త సరుకు సిరిసిల్లకు వచ్చిన వారమే ఓ దోస్తు ఇంట్లో దావత్. నన్ను నాంపల్లి చేతిలో పెట్టారు. కొంగను చూసి మురిసిపోయి మూత తీశాడు పాపం. అరిచి చెబుదామంటే నాకు మాట లేదు. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

గుక్కెడు నోట్లోకి వెళ్లగానే అతడికి తెలిసిపోయింది. మానేసిన ఆ పాత మందు రుచి. గబగబా వాకిట్లోకి పోయి ఉమ్మేశాడు. దోస్తులు పిలుస్తున్నా ఆగకుండా నన్ను పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"మింగలేదే, ఉమ్మేసిన. కావాల్నంటె నోరు వాసన జూడు."

కాశవ్వ వాసన చూడలేదు. నన్ను చూసి, ఆ ఎర్ర అక్షరాలు చదివి కూలబడింది. "బొమ్మ మార్చొద్దని నేనే అంటి గదయ్యా! నా చేతులార..." అంటూ ఏడ్చింది.

నాంపల్లి నాలో మిగిలినదంతా మోరీలో పారబోశాడు. నన్ను కడిగి ఆమె ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు.

"ఏడ్వకు. కింద ఏం రాసిండ్రో నాకు నేర్పు. ఇగ ఏ బొమ్మనూ నమ్ముకోను."

ఆమె కళ్లు తుడుచుకుని, అతడి వేలు పట్టి మొదటి అక్షరం మీద పెట్టింది.

ఇప్పుడు వాళ్ల వంటింటి గూట్లో ఉంటున్నాను. మొన్ననే ఆ వాక్యం చివరిదాకా, రెండుచోట్ల తడబడుతూ, తనంతట తానే చదివాడు. నన్ను తాగినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో నన్ను చదివింది మాత్రం అతడొక్కడే.