మల్లమ్మ డ్యూటీ ఎవరిది?

అంబులెన్సు వచ్చింది గానీ మల్లమ్మ కోసం కాదు.

జూబ్లీహిల్స్‌లోని ఆ ఇంటి పెద్దాయన చలపతిరావు ఒకప్పుడు సినిమాలు తీసినవాడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. ఆ పొద్దున ఆయనకు స్నానం చేయించి కుర్చీలోకి దించుతుంటే, సబ్బునీళ్ళ పాలరాతి మీద ఆయా మల్లమ్మ కాలు జారింది. పడుతూ కూడా ఆయన తలను రొమ్ముకు అదుముకుంది. ఆ బరువంతా ఆమె నడుము మీద పడింది. ఆయనకు మోచేయి గీరుకుంది. ఆమెకు నడుము కింద ఒళ్ళు తెలియకుండా పోయింది.

రాత్రి డ్యూటీ అప్పజెప్పి పెరటి గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న బాలమణి, కేక విని పరుగెత్తుకొచ్చింది. అప్పటికే పెద్దాయనను స్ట్రెచర్ ఎక్కిస్తున్నారు.

"అమ్మా, మల్లక్క లేస్తలేదు. ఆమెను గూడ ఎక్కించుకోండ్రి," అని కోడలు భావనకు అడ్డం నిలబడింది.

"ఆవిడ సంగతి ఏజెన్సీ వాళ్ళు చూసుకుంటారు, ఫోన్ చెయ్యి. ముందు ఆ నీళ్ళు తుడిచెయ్యండి, ఇంకెవరైనా పడతారు," అంటూ భావన అంబులెన్సు ఎక్కింది.

ఏజెన్సీ యజమాని త్రినాథరావు ఫోనులో చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "మేం మనుషుల్ని పరిచయం చేస్తామమ్మా, అంతవరకే. పని వాళ్ళింట్లో, దెబ్బ వాళ్ళింట్లో. వాళ్ళనే అడుగు. అన్నట్టు, రేపట్నుంచి ఆ ఇంట్లో రెండు డ్యూటీలూ నువ్వే చెయ్యాలి."

జీతంలో సగం కోసుకునేటప్పుడు మాత్రం ఆయాలంతా ఆయన మనుషులే.

సర్కారు దవాఖానలో డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. ఆపరేషన్ వెంటనే చేస్తే కాళ్ళు రావచ్చు, ఆలస్యమైతే ఇక రావు. ఆ సామగ్రి ఇక్కడ లేదు, పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. పెద్ద ఆసుపత్రి వాళ్ళు అడిగిన డబ్బు విని బాలమణి మెట్ల మీదే కూలబడింది. మల్లమ్మను ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి మళ్ళీ షేక్‌పేటకు తెచ్చారు. అక్కడ కొందరు ఆయాలు కలిసి కిరాయికి తీసుకున్న ఒంటి గదే ఆమె ఇల్లు.

ఆదివారం ఆ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి, మోతీనగర్ నుంచి కూడా ఆయాలు వచ్చారు. లోపల పట్టనివాళ్ళు వాకిట్లో నిలబడ్డారు.

"ఎమ్మెల్యే కాడికి పోతె ఏమొస్తది? ఉన్న నౌకరి పోతది," అంది రాజమ్మ. ఆమెకు ఏది చూసినా భయమే.

గోదావరి వైపు నుంచి వచ్చిన శేషారత్నం చేతులు తిప్పింది. "పోతే పోనీ రాజమ్మా! రేపు నువ్వు జారితే నిన్నెవరు మోస్తారు?"

"నేను జార్తె నీ మీదనే పడ్త. బొద్దుగున్నవ్, దెబ్బ తగల్దు."

అందరూ నవ్వారు. మల్లమ్మ కూడా నవ్వబోయి, నడుము పట్టేసి పళ్ళు బిగించింది. దాంతో నవ్వులు ఆగిపోయాయి.

బాలమణి లేచింది. "గా హైటెక్ సిటీల అద్దాల బిల్డింగులు ఎట్ల నడుస్తున్నయే? కొడుకు, కోడలు పొద్దున్నే కారెక్కి పోతున్నరంటె, ముసలోళ్ళ కాడ మనం కూసున్నందుకే గద. కంపెనీలోళ్ళకు చట్టమున్నది. ఇటుకలు మోసేటోళ్ళకు గూడ ఏదో ఒకటున్నది. మనకేమున్నది? అసెంబ్లీ నడుస్తున్నది. మన మాట గాడ ఎవరన్న ఒకలు ఎత్తాలె."

వారానికో సెలవు. సర్కారు కట్టిన జీతం. దెబ్బ తగిలితే వైద్యం. అన్నిటికన్నా ముందు మల్లమ్మకు ఆపరేషన్. అడగవలసినవి ఇవీ అనుకున్నారు.

ఆయాలకు ఒక కట్టుబాటు ఉంది. అవతలి మనిషి వచ్చి పేషెంటు మీద చెయ్యి వేసి "నేనొచ్చిన" అనేదాకా ఇవతలి మనిషి కదలకూడదు. ఇంట్లో తన బిడ్డకు జ్వరమొచ్చినా సరే. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళిన రోజు కూడా ఎవరూ ఆ కట్టు తప్పలేదు. ఒకరు చెల్లెల్ని, ఒకరు ఆడబిడ్డను, ఒకరు పక్కింటామెను బతిమాలి కూర్చోబెట్టి మరీ వచ్చారు.

ఫిల్మ్‌నగర్‌లో ఎమ్మెల్యే ఆఫీసు ముందు ఎండలో నిలబడ్డారు. సినిమావాళ్ళ కార్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కో కారు వచ్చినప్పుడల్లా కాపలావాడు వీళ్ళను గోడకు జరిపాడు. పొద్దు వాలుతుండగా ఎమ్మెల్యే బయటికొచ్చి, బాలమణి చెప్పిందంతా కారు తలుపు పట్టుకునే విన్నాడు.

"మీది పని కాదమ్మా, సేవ. ఎంత పుణ్యం! ఇంట్ల చేసే సేవకు చట్టం పెడ్తె, రేపు అమ్మకు అన్నం పెట్టనీకె గూడ కాయితం రాసుకోవాలె."

"పుణ్యం మీరే ఉంచుకోండ్రి సారూ. మల్లక్కకు జర ఆపరేషన్ చేపియ్యుండ్రి."

"సెషన్ అయినంక చూద్దం," అని ఆయన కారెక్కాడు.

"సెషన్ దాకా ఆమె కాళ్ళు ఆగుతాయా సార్?" అని శేషారత్నం అరిచింది. కారు అద్దం అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకు అందరూ షేక్‌పేట చేరారు. తలుపు తోస్తూనే బాలమణి ముక్కుకు వాసన కొట్టింది. మల్లమ్మ పొద్దున పడుకున్నట్టే పడుకుని ఉంది. పక్క మొత్తం తడిసి, ఖరాబై ఉంది. నీళ్ళ చెంబు చెయ్యి అందనంత దూరం దొర్లిపోయింది. పెదవులు ఎండి పగిలాయి. మెడ కింద చీమలు.

"ఇయ్యాల మల్లక్క డ్యూటీ ఎవరిదే?" అంది బాలమణి.

"రాజమ్మ ఉంటదనుకున్నా," అంది శేషారత్నం.

"నేను నువ్వుంటవనుకున్న!" అంటూ రాజమ్మ నెత్తి కొట్టుకుంది.

ఊళ్ళోని తమ పేషెంట్లందరినీ వేరే చేతుల్లో పెట్టి వచ్చారు. మల్లమ్మ కూడా పేషెంటేనని ఒక్కరికీ తోచలేదు. పేషెంటంటే వాళ్ళ లెక్కలో కొండ మీది బంగళాలో ఉండే మనిషి. మల్లమ్మ తమ మనిషి.

బాలమణి ఏడుస్తూనే ఆమె ఒళ్ళు తుడిచింది. నలుగురూ పట్టి పక్క మార్చారు. మల్లమ్మ ఎవరినీ తిట్టలేదు. నీళ్ళు తాగి అడిగింది.

"ఏమన్నడే మీ ఎమ్మెల్యే?"

"సెషన్ అయినంకనట."

"మీరు పోయి చేతులు కట్టుకొని నిలవడ్డరు. ఉతికిన చీరలు కట్టుకున్నరు. గట్ల నిలవడ్డోళ్ళను జూస్తే ఎవనికి నొప్పి తెలుస్తదే? రేపు నన్ను తీస్కపోండ్రి, మంచంతోటి."

"ఎండకు తొవ్వలనే సస్తవక్కా!" అంది బాలమణి.

"పొద్దంత గీడ సావలేదా?"

రాజమ్మ వంగి మంచం నులకను చేత్తో గుంజి చూసింది. "వదులైంది. బిగియ్యాలె," అని పని మొదలుపెట్టింది.

ఇంతలో బాలమణి ఫోను మోగింది. త్రినాథరావు. ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్ళినవాళ్ళు మళ్ళీ రోడ్డెక్కితే ఎవరికీ డ్యూటీ ఉండదని చెప్పమన్నాడు. రాజమ్మ నులక వదిలి ఆ ఫోను లాక్కుంది.

"అయ్యా, మేం నీ మనుషులం గాదంటివి గద. మరి మమ్ముల తీసెయ్యనీకె నువ్వెవ్వనివి?"

మర్నాడు పొద్దున మంచం లేచింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ఎత్తు ఎక్కేటప్పుడు భుజాలు మార్చుకున్నారు. రాత్రి డ్యూటీలు అప్పజెప్పిన ఆయాలు పెరటి గేట్లలోంచి బయటికొచ్చి, మంచం చూసి ఆగిపోయారు. ఏమైందని అడిగారు. విన్నవాళ్ళు విన్నట్టే వెనక నడిచారు. కొందరి ఒంటి మీద డ్యూటీ కోట్లు అలాగే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కార్లు హారన్లు కొడుతున్నాయి. ఎవరూ గోడకు జరగలేదు.

వెల్లకిలా ఉన్న మల్లమ్మకు కరెంటు తీగలు, సినిమా బోర్డుల పై అంచులు తప్ప ఏమీ కనిపించడం లేదు. మంచం ఒక్కసారిగా ఆగింది.

"ఎందుకాగిండ్రే?"

"ఎమ్మెల్యే గల్లీకి అడ్డంగ పోలీసులు నిలవడ్డరు," అంది బాలమణి.

"ఎంతమంది?"

"శానమంది."

"మనం?"

బాలమణి తిరిగి చూసింది. మలుపు దాకా ఆడవాళ్ళే. మలుపు అవతల ఎంతమంది ఉన్నారో కనిపించడం లేదు.

"మంది ఇంక వస్తనే ఉన్నరక్కా."

"అయితె నిలవడ్డరెందుకే? నడువుండ్రి," అంది మల్లమ్మ.