మీరు అన్నాడు మేజరు

మీరు అన్నాడు కదూ, చెవులారా విన్నాడు, మీరు అలాగే ఉండండి, టీ పంపిస్తాను అని, లారీ కింద వెల్లకిలా పడుకున్న హవల్దారు చేతిలో స్పానరు ఆగిపోయింది, ఇన్నేళ్ళుగా ఒరేయ్ తప్ప మరో పిలుపెరగని మేజరు గొంతుకి ఇవాళ ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది, ఎవరో ఊదేశారు, ఈసారి సర్వీసు పొడిగింపు అడక్కుండా ఇంటికెళ్ళిపోదామనుకుంటున్న సంగతి ఎవరో మోసేశారు, చెప్పింది ఇద్దరికే, ఇంటావిడకీ, ఈ షెడ్డులోనే పనిచేసే వెల్డరుకీ, వెల్డరే అయ్యుంటాడు, అన్నా నువ్వు పోతే ఈ బళ్ళన్నీ నా నెత్తినే రుద్దుతారు అని మొహం మాడ్చుకున్నాడు, అదీ నిజమే, ఇదే షెడ్డులో తనతో పాటు బళ్ళు బాగుచేసిన పొడుగాయన మానేశాక ఆయన పనంతా తన నెత్తిన రుద్దలేదూ, ఇంకో మనిషినివ్వండి సార్ అంటే నీకు రెండు చేతులున్నాయిగా అన్నాడు ఈ మేజరే, లేకపోతే ఇంటావిడా, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, వచ్చేయండి, ఉన్నదాంట్లో సర్దుకుందాం అని తనతో అని, వాళ్ళ తమ్ముడి చెవిలో వేసే ఉంటుంది, ఆ బావమరిది ఊరంతా చాటే ఉంటాడు.

టీ వచ్చింది, సాసరుతో సహా, వంటవాడు చక్రం పక్కన పెట్టి పోయాడు, ఇందులో ఏదో మతలబు ఉంది, కాకా పట్టడానికే, కానీ ఊరికే ఎందుకు పడతాడు, మీరు పోతే షెడ్డు నడవదండీ అంటాడేమో, అంటే ఏం చెప్పాలి, చూద్దాం సార్ అనాలి, కాస్త బెట్టుగా అనాలి, పక్కకి ఒరిగి సగం టీ తాగాడు, వేడిగా బాగుంది.

ఏమండీ, మా బండి జబ్బేంటో తెలిసిందా అంటూ మేజరు మళ్ళీ వచ్చాడు, హవల్దారు చేతులు తుడుచుకుని బయటికి జరిగాడు, మేజరు మొహం మారిపోయింది, ఒరేయ్ నువ్వా, కాళ్ళు చూసి లారీ కంపెనీ వాళ్ళు పంపిన మెకానిక్ అనుకున్నాను, ఆ గుడ్డ బూట్లేంట్రా, అసలువి చిరిగిపోయాయి సార్, స్టోర్లో అడిగితే లేవన్నారు, సరేలే, ఆయనకి పంపిన టీ తాగేశావా, అవతల ఇంకో రెండు బళ్ళున్నాయి, సాయంత్రానికి కదలాలి, అనేసి వెళ్ళిపోయాడు.

అయితే ఎవరూ మోయలేదు, వెల్డరూ కాదు, ఇంటావిడా కాదు, పాపం వాళ్ళని ఊరికే ఆడిపోసుకున్నాడు, హమ్మయ్య అనుకోవాలి కదా, మరి ఎవరైనా మోసుంటే బాగుండుననిపిస్తోందేమిటి, సంగతి తెలిసి, మేజరు తనని ఆపడానికే వచ్చాడనుకున్నాడు, నిజంగా ఆపితే ఆ రెండక్షరాలకే ఆగిపోయేవాడు, కానీ అవి తనవి కావు, లారీ కిందున్నది తను కాదనుకున్నంతసేపే ఆ మర్యాద, అది తెలిశాక ఇక అనుమానమేమీ మిగల్లేదు, ఇంటికి వెళ్ళిపోతున్నాడు.